సాగర్ మట్టం నుంచి గురుత్వం దాకా

విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. విద్యుత్, అయస్కాంతాలను వివరించే ‘గేజ్’ ఆలోచన గురుత్వానికి ఎంతవరకు సరిపోతుందో ఈరోజు చూద్దాం.

వానాకాలంలో నల్లగొండ పేపర్లలో రోజూ కనిపించే అంకె ఒకటుంది. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు. డ్యామ్ ఎత్తు పునాది నుంచి కొలిచినా 410 అడుగులు దాటదు. 590 అనేది సముద్ర మట్టం నుంచి వేసిన లెక్క. సున్నాను ఇంకోచోట పెట్టుకుంటే అంకె మారుతుంది కానీ, పుట్టే కరెంటు మారదు. దానికి కావాల్సింది ఎగువ నీటికీ దిగువ నీటికీ ఉన్న తేడా.

ఇప్పుడు ఒక్కో ఊరు తన సున్నా తనే పెట్టుకుందనుకోండి. మిర్యాలగూడను దేవరకొండతో పోల్చాలంటే ‘ఇంత కలుపు, ఇంత తీసెయ్’ అనే లెక్క మధ్యలో కావాలి. ఎవరు సున్నా మార్చినా ఆ లెక్కా తగ్గట్టు మారాలి. భౌతికశాస్త్రంలో గేజ్ క్షేత్రం చేసే పని ఇదే. నల్లగొండలో బయలుదేరి రెండు ఊళ్లూ తిరిగి ఇంటికొచ్చేసరికి, కలిపినవీ తీసినవీ సరిపోవాలి. ఎత్తుల విషయంలో సరిపోతాయి. ప్రకృతిలో కొన్నిచోట్ల సరిపోవు, ఎంతో కొంత మిగులుతుంది. సున్నాలు ఎటు జరిపినా ఆ మిగులు పోదు. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఆ మిగులే.

మహబూబ్‌నగర్ మీదుగా మీటర్ గేజ్ రైలు నడిచిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. అదే గేజ్, కొలత అనే అర్థంలో. 1918లో గణితవేత్త హెర్మన్ వైల్, పొడవు కొలత కూడా చోటును బట్టి మారవచ్చన్నాడు. ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు. అలాగైతే పరమాణువు తిరిగొచ్చిన దారిని బట్టి దాని వర్ణపట రేఖలు మారాలి, మారవు కదా అన్నాడు. 1929లో వైల్ పొడవును వదిలి, క్వాంటం తరంగ దశకు, అంటే తరంగం తన ఊపులో ఏ స్థానంలో ఉందో చెప్పే కొలతకు, అదే ఆలోచనను వర్తింపజేశాడు. అది నిలిచింది. 1954లో యాంగ్, మిల్స్ అనే భౌతికశాస్త్రవేత్తలు దాన్ని కణాల లోపలి ఇతర గుణాలకు విస్తరించారు.

గురుత్వంలో మారేవి దిక్కులు. మేస్త్రీ దారానికి గుండు కట్టి ‘కింద’ ఎటో చూస్తాడు. నల్లగొండ దారానికీ మహబూబ్‌నగర్ దారానికీ మధ్య ఒక డిగ్రీకి పైగా కోణం ఉంటుంది. రెండూ సరైనవే. ఇంకో అడుగు వేస్తే, స్వేచ్ఛగా పడేవాడికి తన బరువే తెలియదు. అంటే ప్రతి చోటా గురుత్వం లేని చట్రం (కొలతలకు ఆధారంగా పెట్టుకునే ఫ్రేమ్) ఒకటి దొరుకుతుంది. ఆ చట్రాలను కలిపే లెక్కే ఎమ్మెస్సీలో మీకు టెన్షన్ పెట్టే క్రిస్టాఫెల్ గుర్తులు. ఒక బిందువు దగ్గర వాటిని సున్నా చేయొచ్చు. స్థలకాలపు వంపును, అంటే ఇక్కడి మిగులును, మాత్రం చేయలేం. చంద్రుడు భూమికి దగ్గరి వైపును ఎక్కువ, దూరపు వైపును తక్కువ లాగుతాడు. ఆ తేడాను ఏ చట్రమూ చెరపలేదు, సముద్రానికి పోటు వచ్చేది అందువల్లే.

గురుత్వానికీ గేజ్ క్షేత్రాలకూ ఉన్న ఈ పోలికను భౌతికశాస్త్రవేత్తలు ఉటియామా 1956లో, కిబుల్ 1961లో లెక్కలతో చూపించారు. అయినా గురుత్వం అచ్చంగా యాంగ్-మిల్స్ లాంటిదే అంటే నేను ఒప్పుకోను. అక్కడ మూల సూత్రంలో క్షేత్రం వర్గం (స్క్వేర్) ఉంటుంది, ఐన్‌స్టీన్ సూత్రంలో వంపు ఒక్కసారే వస్తుంది. అక్కడ తిరిగేది కణం లోపలి గుణం, ఇక్కడ తిరిగేవి మనం నిలబడ్డ స్థలకాలపు దిక్కులే. క్వాంటం లెక్కల్లో గురుత్వం మొరాయించడానికి ఈ తేడాలతో గట్టి సంబంధం ఉందని నా నమ్మకం.

ఇక ఈ బంతి చూడండి. భూమధ్యరేఖ మీద ఉత్తరం చూసే బాణం పెడుతున్నాను. ఎక్కడా తిప్పకుండా ధ్రువం దాకా తీసుకెళ్లి, తూర్పున 90 డిగ్రీల అవతలి రేఖాంశం మీదుగా దింపి, భూమధ్యరేఖ వెంట మొదటి చోటికే తెస్తున్నాను. ఇప్పుడు బాణం తూర్పు చూస్తోంది. ఇంటికొచ్చాక మిగిలిన ఈ తేడాయే వంపు.