కన్సోల్ రేడియో: కొనేముందు వెనకవైపు చూడండి

సభికులందరికీ నమస్కారం.

1930లలో గదికి పెద్దదిక్కులా నేలమీద నిలిచిన కన్సోల్ రేడియోలను సేకరించేవారిలో చాలామంది మొదట చూసేది పెట్టె నునుపును, డయల్ అందాన్ని. సంకేతాన్ని బలపరిచే గాజు గొట్టాలైన వాల్వులను లెక్కపెట్టేవారూ ఉన్నారు. 1935 నాటి జెనిత్ కంపెనీ స్ట్రాటోస్ఫియర్ సెట్టులో అవి 25. ఆ లెక్క అమ్మకానికి పనికొచ్చినంతగా చెవికి పనికిరాదని నా అభిప్రాయం. నేనైతే వెనక్కి వెళ్లి, సెట్టుతో వచ్చిన అసలు లౌడ్‌స్పీకరే దాని చోట ఉందో లేదో చూడమంటాను.

ఆనాటి స్పీకర్లలో చాలావాటికి శాశ్వత అయస్కాంతం ఉండదు. తీగచుట్టలో కరెంటు పారినప్పుడే అయస్కాంతం ఏర్పడుతుంది. అనేక సెట్లలో ఆ తీగచుట్టే విద్యుత్ సరఫరాలోని హోరును అణచే చోక్ పని కూడా చేస్తుంది కనుక, స్పీకర్‌ను తీసేసి తగిన ఏర్పాటు లేకుండా కొత్తది బిగిస్తే సెట్టు మూగబోతుంది. పెట్టెదీ అలాంటి పాత్రే. స్పీకర్ ముందు, వెనక పుట్టే శబ్ద తరంగాలు కలిసి మంద్రస్వరాలను రద్దు చేసుకోకుండా ఆ వెడల్పాటి చెక్క అడ్డుపడుతుంది. మనిషి గొంతులోని నిండుదనం అక్కడిదే. వెనకభాగం తెరిచి ఉంటుంది కాబట్టి గోడకు పూర్తిగా ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి.

ఏళ్ల తరబడి మూలనపడ్డ సెట్టుకు వెంటనే ప్లగ్గు పెట్టకండి. విద్యుదావేశాన్ని నిల్వచేసే కెపాసిటర్లలో మైనపు కాగితంవి లీకవుతాయి, ఎలక్ట్రోలిటిక్ రకంవి ఎండిపోతాయి. వాటిని మార్చకుండా కరెంటు ఇస్తే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ వాల్వు, దానితోపాటు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. లోపల వందల వోల్టులు ఉంటాయి గనుక అనుభవం లేనివారు చేయిపెట్టరాదు.

ఇక వినడం. మీడియం వేవ్ చీకటి పడ్డాక దూరాల నుంచి అందుతుంది, ఎందుకంటే పగలు ఆ తరంగాలను పీల్చేసే వాతావరణ పొర రాత్రి బలహీనపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి అమెరికన్ ఎఫ్.ఎం. సెట్ల సంగతి వేరు. 42–50 మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఆ ప్రసారాలను 1945లో 88కి పైకి తరలించాలని నిర్ణయించడంతో, కాలక్రమంలో ఆ బ్యాండు నిరుపయోగమైంది.

మీడియం వేవ్ స్టేషన్లు మూతపడుతున్న చోట్ల, చట్టం అనుమతించినంత తక్కువ శక్తితో పనిచేసే చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా పాత రికార్డులను గదిలోనే ప్రసారం చేసి వినేవారున్నారు. అది కృత్రిమమని కొందరు కొట్టిపారేస్తారు గాని, నాకు అందులో తప్పు కనబడదు: ముల్లు తిప్పి స్టేషను పట్టాలి, స్టేషను సరిగ్గా కుదిరిందో లేదో చూపే, 1935లో వచ్చిన ఆకుపచ్చ వెలుగు గొట్టం ‘మేజిక్ ఐ’లో చీకటి చీలిక సన్నబడేదాకా సరిచేయాలి, ఏరియల్ నుంచి స్పీకర్ దాకా ప్రతి దశా పనిచేయాలి. బ్లూటూత్‌ను నేరుగా ఆంప్లిఫైయర్‌కు కలిపితే సెట్టులో సగానికి పనే ఉండదు.