సర్వర్ బిజీ కాదు, మీ కంప్యూటరే బిజీ: తక్కువ బడ్జెట్‌లో ఎక్కువ పనులు లాగే డెస్క్‌టాప్

[తెర మీద: ఆన్‌లైన్ సెంటర్ కౌంటర్. మానిటర్‌లో క్రోమ్ నిండా ట్యాబులు. మౌస్ గుర్తు ఉండాల్సిన చోట నీలం చక్రం.]

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఏ ఆన్‌లైన్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. క్రోమ్‌లో ఒకరి వెబ్ ఆప్షన్లు సగంలో ఆగి ఉంటాయి. ఇంకొకరి ఈసీ డౌన్‌లోడ్ అవుతుంటుంది. వాట్సాప్‌లో మార్కుల మెమోలు వచ్చి పడుతుంటాయి. ఫొటోషాప్‌లో ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటో తెరిచి ఉంటుంది. ఇవి చాలవన్నట్టు వేలిముద్ర మెషీన్ తాలూకు ఆర్‌డీ సర్వీస్ వెనకాల నడుస్తుంటుంది. సరిగ్గా అప్పుడే నీలం చక్రం తిరగడం మొదలవుతుంది. కౌంటర్ అవతలి మనిషి "ఏంటన్నా, సర్వర్ బిజీనా?" అని అడుగుతాడు. ఇవతలి మనిషి "అవునండీ, సర్వర్" అనేస్తాడు. పాపం, చాలాసార్లు ఆ సర్వర్‌కి ఏ పాపమూ తెలియదు.

ఇలాంటి పనికి డెస్క్‌టాప్ కొనేవాళ్ల కోసమే ఈ వీడియో. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ మూడూ ఒకేసారి తెరిచిపెట్టుకునే అకౌంటెంట్లకు, చిన్న డీటీపీ షాపులకు కూడా ఇవే లెక్కలు. గేముల కోసం కొనేవాళ్ల దారి వేరు, వాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

[తెర మీద: కీబోర్డ్ దగ్గరగా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు వెలుగుతాయి.]

కొత్తది కొనే ముందు పాతదాని రోగం ఏంటో తెలుసుకుందాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఓ పక్కన ఉంచి, మీ పని మీరు చేసుకోండి. తీరిక వేళ కాదు, గిరాకీ బాగా ఉన్నప్పుడు. చక్రం తిరగ్గానే ఆ పేజీ వంక చూడండి.

హార్డ్ డిస్క్‌తో నడిచే పాత మెషీన్లలో ఎక్కువగా కనబడే దృశ్యం ఇది. సీపీయూ, అంటే ప్రాసెసర్, 20, 30 శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. మెమరీ 90 దాటి ఉంటుంది. డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి కదలదు. అంటే ప్రాసెసర్‌కి పని చేతకాక కాదు, పని చేతికి అందక ఊరికే కూర్చుంది. ఇలాంటప్పుడు షాపుకెళ్లి "ఇంకా పెద్ద ప్రాసెసర్ ఇవ్వండి" అంటే, కొత్త ప్రాసెసర్ కూడా అలాగే కూర్చుంటుంది.

అసలు లోపల ఏం జరుగుతోంది? మీరు తెరిచిన ప్రతి ట్యాబూ, ప్రతి ప్రోగ్రామూ ర్యామ్‌లో, అంటే టాస్క్ మేనేజర్ మెమరీ అని చూపించేదాంట్లో, చోటు తీసుకుంటాయి. ర్యామ్ నిండిందనుకోండి, విండోస్ మీరు కాసేపటి నుంచి ముట్టుకోని ట్యాబ్ తాలూకు డేటాను తీసుకెళ్లి డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో పెడుతుంది. మళ్లీ ఆ ట్యాబ్ నొక్కారా, అక్కడి నుంచి వెనక్కి తేవాలి. ఆ డిస్క్ పాతకాలపు హార్డ్ డిస్క్ అయితే, లోపల నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ జరిగి ఒక్కో ముక్కనీ వెతుక్కోవాలి. సెకనుకి అలాంటి వెతుకులాటలు వందకు అటూ ఇటూ చేయగలదు, అంతే. అదే ఎస్‌ఎస్‌డీ అంటే చిప్పుల్లో డేటా దాచే డిస్క్, అందులో కదిలే భాగాలే లేవు కాబట్టి సెకనుకి వేలల్లో, మంచివైతే లక్షల్లో చేస్తుంది. షాపువాళ్లు చెప్పే సెకనుకి 550 ఎంబీ, 3,500 ఎంబీ అనేవి పెద్ద ఫైలు ఒక్కటి కాపీ చేసేటప్పటి వేగాలు. మనలాంటి పనికి తేడా తెలిసేది ఈ చిన్న ముక్కల వెతుకులాటలోనే. అందుకే సాటా (మొదటి వేగంది), ఎన్‌వీఎంఈ (రెండో వేగంది) అనే రెండు రకాల ఎస్‌ఎస్‌డీల మధ్య తేడా చూసి బుర్ర పాడుచేసుకోవద్దు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా మీ ప్రాణం లేచొస్తుంది.

కాబట్టి నా వరస ఇది. ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు అసలు లెక్కలోనే లేదు.

ఎస్‌ఎస్‌డీ 512 జీబీ తీసుకోండి, కుదరకపోతే 256. పేరు లేని 128 జీబీవి చౌకగా వస్తాయి గానీ, అవి నిండేకొద్దీ నెమ్మదిస్తాయి. విండోస్, ట్యాలీ, ఫొటోషాప్ వేసేసరికే సగం అయిపోతాయి. పాత హార్డ్ డిస్క్ పారేయొద్దు. గిరాకీల స్కాన్లు, పాత ఫైళ్లు దాచుకోవడానికి రెండో డ్రైవ్‌గా పెట్టుకోవచ్చు.

[తెర మీద: ఖాళీ పట్టీ. ఒక్కో ప్రోగ్రామ్ పేరు పడుతూ నిండుతుంది. 8 దగ్గర ఎర్ర గీత.]

ఇక ర్యామ్. విండోస్ 11కి కనీసం 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ రాసింది. చాలుతుంది, విండోస్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే. మన లెక్క వేసుకుందాం. కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్‌కే 3, 4 జీబీ పోతుంది. క్రోమ్ ఒక్కో వెబ్‌సైట్‌నీ విడి ప్రాసెస్‌గా నడుపుతుంది. ఒకటి పాడైతే మిగతావి పడిపోకూడదని, ఒక సైటు ఇంకో సైటు డేటాను చూడకూడదని ఆ ఏర్పాటు. బ్యాంకు పేజీలు తెరిచే మనకు అది మంచిదే గానీ, దాని ఖర్చు ర్యామ్‌లో కట్టాలి. ఒక్కో ట్యాబ్‌కి 100 నుంచి 300 ఎంబీ వేసుకున్నా, 20 ట్యాబులకు సగటున 3, 4 జీబీ. ఫొటోషాప్‌కి ఓ 2. వాట్సాప్, పీడీఎఫ్‌లు, యాంటీవైరస్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి ఇంకో 2. వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి తెర మీద బొమ్మ కోసం కూడా ఈ ర్యామ్‌లోంచే కొంత పోతుంది. మొత్తం 11, 12 దగ్గర తేలింది. 8 చాలదు, 16 కావాలి. 32 ఎవరికంటే, పెద్ద ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు.

ఇక్కడో చేదు సంగతి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు అమ్ముకోవడంలో లాభం ఎక్కువ కాబట్టి కంపెనీలన్నీ అటు తిరిగాయి. క్రూషియల్ అనే పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో మైక్రాన్ ప్రకటించింది. ఈ వీడియోలో నేను ధరలు చెప్పకపోవడానికి కారణం ఇదే. ఇవాళ చెప్పిన ధర మీరు చూసే నాటికి నవ్వులాటగా ఉంటుంది.

మరి 16కి డబ్బు సరిపోకపోతే? 8 జీబీది ఒకే స్టిక్ తీసుకుని రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. రెండు 4 జీబీ స్టిక్‌లు మాత్రం ఒప్పుకోవద్దు. బోర్డులో రెండే స్లాట్లుంటే, రేపు పెంచాలన్నప్పుడు కనీసం ఒకటైనా పీకేయాల్సిందే. ఒకేసారి 16 కొనగలిగినవాళ్లు 8వి రెండు వేసుకోండి. రెండు స్టిక్‌లుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో డేటా తెచ్చుకుంటుంది. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో నడిపేవాళ్లకు ఆ తేడా బాగా అక్కరకొస్తుంది.

[తెర మీద: కరపత్రం. "ఐ7 కంప్యూటర్ సెట్, మానిటర్‌తో సహా!" పెద్ద అక్షరాలు.]

ఇప్పుడు ఈ కరపత్రం సంగతి. ఇంత చౌకగా ఐ7 ఎలా వస్తోంది? ఐ7 తర్వాత ఏ నంబర్ ఉందో అడగండి. చాలావరకు ఐ7-2600 అనో, 3770 అనో చెబుతారు. మొదటిది 2011 నాటిది, రెండోది 2012 నాటిది. 2600లో 4 కోర్లు, అంటే పని చేసే చేతులు నాలుగు. 8 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు ఎనిమిది. 2022లో వచ్చిన ఐ3-12100లో ఎన్ని? అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు. పైగా ఒక్కో కోర్ వేగం ఆ పాత ఐ7తో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఆ పాతవాటిని తరచుగా హెచ్61 అనే పాతకాలపు మదర్‌బోర్డు మీద కూర్చోబెట్టి అమ్ముతారు. అందులో పాతరకం డీడీఆర్3 ర్యామ్, ఎక్కువగా రెండే స్లాట్లు, చాలావాటిలో ఎం.2 ఎస్‌ఎస్‌డీకి (నేరుగా బోర్డు మీదే గుచ్చేదానికి) చోటు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి మాత్రమే వస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. జనం ఆధార్‌లు, బ్యాంకు వివరాలు మీ చేతిలో పెడుతున్నప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్ మీద పని చేయడం నాకు ససేమిరా నచ్చదు.

కొత్తది అసెంబుల్ చేయించుకునేవాళ్లకు రెండు పేర్లు చెబుతాను. ఐ3-12100, లేదా 6 కోర్ల రైజెన్ 5 5600జీ. ఫొటోషాప్ ఎక్కువగా వాడేవాళ్లు రెండోదాని వైపు మొగ్గొచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, దుకాణాలు తిరిగితే చేతికి కొటేషన్ కాగితాలు వస్తాయి. వాటిలో చివరి అక్షరం దగ్గర వేలు పెట్టి చదవండి. ఐ3-12100 పక్కన ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ లేదు. కొంచెం చౌక అని తెచ్చుకుంటే, కార్డు కొనేదాకా మానిటర్ నల్లగానే ఉంటుంది. రైజెన్‌లో కూడా 5500, 5600 అని ఉత్త నంబర్ మాత్రమే ఉంటే అదే కథ. ఎన్100 అనే చిన్న ప్రాసెసర్‌తో వచ్చే, అరచేతిలో పట్టే మినీ పీసీలు ముచ్చటగా ఉంటాయి, కరెంటు కూడా తక్కువే తాగుతాయి. బిల్లింగ్‌కి, నాలుగు ట్యాబులకు సరే. మన కౌంటర్ రద్దీకి మాత్రం ఆనవు.

ఇదంతా చెప్పి, ఇప్పుడు నా డబ్బులైతే ఏం కొంటానో కూడా చెప్పాలి కదా. ర్యామ్ ధరలు ఇలా ఉన్నన్నాళ్లూ నేను కొత్తది కొనను. కార్పొరేట్ ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసిన మెషీన్ల వైపు వెళ్తాను. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720. ఇవన్నీ 8వ తరంవి. ఐ5-8500 ఉన్నది దొరికితే 6 కోర్లు. విండోస్ 11 వస్తుంది, ఎం.2 స్లాట్ ఉంటుంది, ర్యామ్ లోపలే ఉండి వస్తుంది. రోజంతా ఆగకుండా నడవడానికి చేసిన డబ్బాలివి.

[తెర మీద: డెస్క్‌టాప్ మూత తీసి లోపలి భాగం. బాణం గుర్తు ర్యామ్ స్లాట్ల మీద.]

అయితే కళ్లు మూసుకుని తెచ్చుకోవద్దు. షాపులోనే ఆన్ చేయించండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడుకలో ఉన్నాయో కనబడుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. డిస్క్ ఆరోగ్యం ఎంత శాతం, ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో అది చెప్పేస్తుంది. "కొత్త ఎస్‌ఎస్‌డీ సార్" అన్నదానికి వేల గంటలు కనబడితే, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూసి విండోస్ యాక్టివేట్ అయి ఉందో లేదో చూసుకోండి. ఈ బ్రాండెడ్ డబ్బాలతో ఇబ్బంది ఒకటుంది. వాటి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కొలతా, వైర్ల కనెక్టర్లూ వేరు. కాలిపోతే పక్క షాపులో దొరికేది పట్టదు, ఆ మోడల్‌దే వెతుక్కోవాలి. చాలావాటికి వైఫై కూడా ఉండదు, కేబుల్ లాక్కోవాలి, లేదంటే యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకోవాలి.

యూఎస్‌బీ అంటే గుర్తొచ్చింది. కీబోర్డ్, మౌస్, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, వెబ్‌క్యామ్, డిజిటల్ సంతకం ఉండే డీఎస్‌సీ టోకెన్, గిరాకీ పెన్‌డ్రైవ్. లెక్కపెట్టుకుని పోర్టులు చూడండి. చాలకపోతే, విడిగా కరెంటు తీసుకునే హబ్ కొనండి. వేలిముద్ర మెషీన్‌ని మాత్రం నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి.

తర్వాత మానిటర్. సగం చిరాకు కంప్యూటర్ నెమ్మదిగా ఉండటం వల్ల కాదు, ఒక కిటికీ మూసి ఇంకోటి తెరుస్తూ ఉండటం వల్ల. ఒక తెర మీద గిరాకీ పంపిన మెమో, ఇంకో తెర మీద ఫారం ఉంటే హాల్‌టికెట్ నంబర్ తప్పు పడే ప్రమాదం తగ్గుతుంది. ఇంట్లో పాత మానిటర్ ఉంటే దాన్నే రెండోదిగా పెట్టండి. ఐ3లోని గ్రాఫిక్స్ రెండు మానిటర్లను హాయిగా నడుపుతుంది. డబ్బా వెనక రెండు డిస్‌ప్లే పోర్టులు ఉన్నాయా, మీ మానిటర్ కేబుల్ వాటికి పడుతుందా అని చూసుకుంటే చాలు.

[తెర మీద: కరెంటు పోతుంది. యూపీఎస్ బీప్ శబ్దం.]

యూపీఎస్ లేకుండా మాత్రం ఈ బడ్జెట్ పూర్తి కాదు. ఫీజు కట్టే పేజీలో ఉండగా కరెంటు పోతే డబ్బులు కట్ అయ్యాయో లేదో తెలియక గిరాకీతో తగువు. మామూలు 600 వీఏ యూపీఎస్, ఇలాంటి డెస్క్‌టాప్‌ని, ఒక మానిటర్‌ని ఆ పేజీ పూర్తిచేసే దాకా నిలబెడుతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించొద్దు. కాగితం మీద టోనర్‌ని వేడితో అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి అది తట్టుకోలేదు. అసెంబుల్ చేయించుకునేవాళ్లు ఎస్‌ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి పడొద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని వద్దని చెప్పి, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్నది అడగండి.

చివరిగా బిల్లు. కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. అది మిగుల్తుందని బిల్లు లేకుండా తీసుకునేవాళ్లున్నారు. ప్రాసెసర్‌కీ, బోర్డుకీ, ర్యామ్‌కీ, ఎస్‌ఎస్‌డీకీ ఎవరి వారంటీ వాళ్లదే, బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టమవుతుంది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మీ జీఎస్టీ నంబర్ వేయించుకోండి, రెగ్యులర్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు ఆ పన్నుని ఇన్‌పుట్ కింద తీసుకోవచ్చు. ఒక్కో భాగం సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించి, అక్కడే డబ్బా మీది నంబర్‌తో సరిచూసుకున్నాకే ఫోన్‌పే తెరవండి.