గురి ఎలా కుదురుతుంది? కర్నూలు షూటింగ్ కోచ్‌తో కబుర్లు

యాంకర్: నమస్కారం, కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. పిల్లలకి ఎయిర్ పిస్టల్ నేర్పించే అక్క ఈరోజు మనతో ఉన్నారు. అక్కా, తిరునాళ్లలో బెలూన్లు పేల్చి నేనూ షూటర్‌నే అనుకునేవాణ్ణి.

కోచ్: (నవ్వుతూ) ఆ తుపాకుల సైట్, అంటే గురి చూసుకోవడానికి పైన ఉండే ముక్క, ఎటు చూస్తుందో దానికే తెలీదు తమ్ముడూ. బెలూన్ పగిలిందంటే నీ అదృష్టం! పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 75 నిమిషాల్లో 60 షాట్లు, అదీ ఒంటి చేత్తో.

యాంకర్: అంటే చెయ్యి అస్సలు కదలకూడదు.

కోచ్: కదలకుండా ఎట్లుంటుంది? గుండె కొట్టుకుంటుంటుంది కదా. ఒలింపిక్స్ షూటర్‌ది కూడా కదులుతుంది, కాకపోతే తక్కువ. పిల్లలేం చేస్తారంటే, సైట్ మధ్యకి రాగానే "ఇదే ఛాన్స్" అని ట్రిగ్గర్ గుంజేస్తారు. కుడిచేతి వాటం వాళ్లయితే గుండు మామూలుగా ఎడమ పక్కన కిందికి పడుతుంది. రంధ్రం చూసే చెప్పేస్తా, గుంజినావు కదా అని. చెయ్యి కొద్దిగా ఊగుతున్నా సరే, ట్రిగ్గర్ మీద బరువు మెల్లగా పెంచుతూ పోవాలి.

యాంకర్: మరి చూపు?

కోచ్: కన్ను ఒకేసారి రెండు దూరాల మీద నిలవదు. పిస్టల్ కొసన ఉండే ముందు సైట్ స్పష్టంగా కనబడాలి, టార్గెట్ మసకగా ఉండాలి. "కొట్టాల్సింది దాన్నే కదా మేడమ్" అని పేచీ పెడతారు. ఇక్కడ సైట్ అర మిల్లీమీటరు తప్పితే అక్కడ గుండు సెంటీమీటరుకు పైనే పక్కకి పోతుంది, అందుకే. ఇంకోటి, కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, తెరిచి చూడమంటా. సైట్ పక్కకుంటే చేత్తో సర్దకూడదు, పాదాలు జరుపుకోవాలి. చేత్తో బలవంతంగా తెచ్చిన గురి పేల్చేలోపు మళ్లీ పక్కకే పోతుంది.

యాంకర్: గుండ్లు బాగానే ఖర్చవుతాయేమో?

కోచ్: మొదట్లో ఇవ్వనే ఇవ్వం. ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ ముందు నిలబెడతాం. టక్కుమన్నప్పుడు ముందు సైట్ కదిలిందా లేదా, అంతే చూసుకోవాలి. డ్రై ఫైరింగ్ అంటాం. పరమ బోరు! "ఇంకా కాల్పించట్లేదేం?" అని తల్లిదండ్రులు నా మీదికొస్తారు. ఓపిక పడితే ఏమవుతుందో చెప్తా విను. హంగరీలో కరోలీ టకాచ్ అని ఒక షూటర్ ఉండేవాడు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో మొదట్నుంచి నేర్చుకుని 1948లో, 1952లో ఒలింపిక్ స్వర్ణాలు కొట్టాడు, వరసగా వేగంగా కాల్చే రాపిడ్ ఫైర్ పిస్టల్‌లో.

యాంకర్: అబ్బ! పోటీలో టెన్షన్ సంగతేంటి?

కోచ్: టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. నన్నడిగితే అన్నిటికన్నా కష్టం పిస్టల్ దించడం. ఊపిరి వదిలాక కొన్ని సెకన్లే గురి బాగుంటుంది. ఆ తర్వాత చూపు మసకేస్తుంది, చెయ్యి బరువెక్కుతుంది. అప్పుడు పేల్చకుండా దించి మళ్లీ ఎత్తాలి. టైమ్ అయిపోతోందన్న భయంతో ఎవరూ దించరు.

యాంకర్: మా అక్క కూతురికి పన్నెండేళ్లు. పంపమంటారా?

కోచ్: పంపు. ముందే పిస్టల్ మాత్రం కొనొద్దు, రేంజ్‌లో ఉన్నదాంతో నేర్చుకోనీ. ఈలోపు అర లీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని చెయ్యి చాచి నిలబడటం అలవాటు చేసుకోమను. భుజం నొప్పి పుడితే దించెయ్యమను. అడుగు చదునుగా ఉండే బూట్లతో రమ్మను.