గ్రే రీఫ్ షార్క్: తోక చూసి గుర్తుపట్టండి, పక్క రెక్కలు చూసి జాగ్రత్తపడండి

(తెర మీద: మాల్దీవులు. నీలి నీళ్లలో నీటి ప్రవాహానికి ఎదురుగా నిలిచిన సొరచేపల గుంపు)

నమస్తే. మాల్దీవుల్లో డైవింగ్‌కి వెళ్తే ఈ సొర కనబడే అవకాశం బాగా ఉంటుంది. అక్కడ రీఫ్‌ని, అంటే పగడపు దిబ్బని, చీల్చుకుంటూ అటాల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వలయం) లోపలికి వెళ్లే దారుల్ని 'కందు' అంటారు. పోటు నీళ్లు లోపలికి తోసుకొచ్చే వేళ ఇవి ఆ దారి మొదట్లో గుమిగూడతాయి.

(తెర మీద: తోక దగ్గరగా)

ముందు తోక చూడండి. దాని వెనక అంచు పొడవునా వెడల్పాటి నల్ల పట్టీ ఉంటుంది. వీపు రెక్క బూడిద రంగే, కానీ హిందూ మహాసముద్రంలో దాని వెనక అంచున సన్నటి తెల్ల గీత కూడా కనిపిస్తుంది. వీపు రెక్క కొస సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటే అది బ్లాక్‌టిప్ అనే వేరే సొర. కొస తెల్లగా ఉండి, పగటిపూట ఇసుక మీద పడుకుని ఉంటే వైట్‌టిప్ అనే ఇంకో సొర. గ్రే రీఫ్ షార్క్ సాధారణంగా 2 మీటర్లలోపే ఉంటుంది.

ఇది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. మాల్దీవులు 2010లో సొరల వేటను నిషేధించాయి కాబట్టే అక్కడ ఇంకా ఇలా గుంపులుగా చూడగలుగుతున్నాం. చాలా మంచి నిర్ణయం అది.

(తెర మీద: ఒంటరి సొర, మెల్లగా)

ఇక అసలు విషయం. ఈ సొరకి చిరాకేస్తే ముందే చెప్తుంది. మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో దీన్ని గమనించిన జాన్సన్, నెల్సన్ అనే పరిశోధకులు 1973లో వివరంగా రాశారు. మూతి పైకెత్తుతుంది, వీపు వంచుతుంది, పక్క రెక్కలు రెండూ కిందికి దించుతుంది. ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఈదుతుంది. డైవర్ వేగంగా మీదికి వెళ్లినప్పుడు ఇలా చేసింది. తప్పించుకునే దారి తక్కువగా ఉన్నచోట ఇంకా గట్టిగా చేసింది. అంటే దానికి కావాల్సింది దారి!

అందుకే మంచి వీడియో కోసం దాని వెంటపడకండి, రీఫ్ గోడకీ మీకూ మధ్య ఇరికించకండి. పక్క రెక్కలు కిందికి దిగాయా, కెమెరా దించేయండి. టెన్షన్‌లో గబగబా పైకి ఈదొద్దు. ముఖం దాని వైపే ఉంచి, బడ్డీకి, అంటే మీతో డైవ్ చేసే జోడీకి, సైగ చేసి, రీఫ్‌ని ఆనుకుని మెల్లగా వెనక్కి తగ్గండి. లోతు నీళ్ల వైపు దారి దానికే వదిలేయండి.