ప్రాజెక్ట్ ఫైల్‌లో పాట ఉండదు

వేదిక మీదున్న పెద్దలకూ, నన్ను పిలిచిన నిర్వాహకులకూ నమస్కారం. ఇంత ఎండలో, ఆదివారం మధ్యాహ్నం పూట వచ్చి కూర్చున్న మీ అందరికీ మరీ మరీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ముందు మాట్లాడినవారు చెప్పేశారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

నాకిచ్చిన అంశం ఇంట్లో కంప్యూటర్ మీద పాట చేసుకునేటప్పుడు పని సాఫీగా సాగడానికి పాటించాల్సిన పద్ధతులు. పన్నెండు విషయాలు కాగితం మీద రాసుకొచ్చాను. మొదటివి గబగబా చెప్పేస్తాను, రాసుకోండి.

పాడించేటప్పుడు బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పట్టుకునే శబ్దం ముక్క, 64 శాంపిల్స్ గానీ 128 గానీ పెట్టుకోండి. శాంపిల్ రేటు 48 వేలు, అంటే సెకనుకి శబ్దాన్ని 48 వేల సార్లు కొలుస్తుంటే, 128 శాంపిల్స్ అంటే మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. బఫర్ పెద్దదైతే పాడేవాళ్ల గొంతు వాళ్లకే హెడ్‌ఫోన్స్‌లో వెనకబడి వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. పాడించడం అయిపోయి మిక్సింగ్‌కి వచ్చాక 1024కి పెంచేయండి. పాడుతున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు కాబట్టి ముందే చూసుకోవాలి.

లెవెల్ సంగతి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు మీటర్‌ని నెత్తిదాకా తోయనక్కర్లేదు. గొంతు బాగా పైకెళ్లినప్పుడు కూడా మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు. తక్కువగా వచ్చినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. మీటర్ దాటి పగిలిన గొంతును అతికించలేం.

శాంపిల్ రేటు. ఇది మన సంగీతం వాళ్లకు బాగా అర్థమవుతుంది. 44,100 దగ్గర రికార్డయిన ఫైల్‌ని 48,000 అనుకుని మెషిన్ వాయించిందనుకోండి, పాట వేగం పెరుగుతుంది, శ్రుతి కూడా పెరుగుతుంది. రెండు శ్రుతిలో పాడింది రెండున్నరకూ మూడుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. తంబురాతో కలవదు, వయొలిన్‌తో కలవదు. ఒకసారి ఒక విద్వాంసుడు నా ఎదురుగా కూర్చుని విని, "ఇది నా గొంతు కాదు బాబూ" అన్నారు. కాసేపు నాకూ అర్థం కాలేదు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఇదీ సంగతి. కాబట్టి మొదటిరోజే ఒక రేటు అనుకోండి, ఆ పాట అయ్యేదాకా దాన్ని మార్చకండి.

ఇక టెంప్లేట్, అంటే ముందే సర్ది దాచుకునే ఖాళీ ప్రాజెక్ట్. చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే 4/4, అంటే బార్‌కి నాలుగు దెబ్బలు, చూపిస్తాయి. ఏడు దెబ్బల మిశ్రచాపు పాటని ఆ గళ్లలో కూర్చోబెట్టబోతే ప్రతి బార్ దగ్గరా తన్నులాటే. 7/8 పెట్టి, తకిట తకధిమి అని క్లిక్‌కి, అంటే తాళం కోసం వినిపించే టిక్కు టిక్కుకి, దెబ్బలు సర్దుకుని, దాన్నే టెంప్లేట్‌గా దాచుకోండి. ఖండచాపుకి 5/8తో ఇంకొకటి. పల్లెపాట పాడేవాళ్ల దగ్గర మాత్రం క్లిక్ తీసెయ్యండి. వాళ్ల నడక వాళ్లది. పాట అయ్యాక ఎక్కడ ఎంత వేగమో చూపే టెంపో మ్యాప్ గీసుకుని గళ్లనే పాట వెంట నడిపించాలి.

పల్లెపాట అన్నాను కాబట్టి... మిగతా కాగితం ఇక్కడ పక్కన పెడతాను. నేను నిజంగా చెప్పాలని వచ్చింది వేరే. దానికి మా పెద్దమ్మ గురించి చెప్పాలి.

మా పెద్దమ్మ దంపుళ్ల పాటలు పాడేది. రోకలి పోటుకి తగ్గట్టు సువ్వి సువ్వి అంటూ పాడే పాటలు. తిరగలి పాటలు, నాట్ల పాటలు, లాలిపాటలు కూడా. మిల్లులొచ్చాక రోకలి అటకెక్కింది. ఆమె నోట్లో మాత్రం పాటలు అలాగే ఉండిపోయాయి. 2011 వేసవిలో ల్యాప్‌టాప్, ఒక మైకు, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ పట్టుకుని ఊరెళ్లాను. చావడి గదిలో కూర్చోబెట్టి, ఫ్యాన్ చప్పుడు వస్తోందని ఆపేసి, రెండు మధ్యాహ్నాలు పాడించాను. పందొమ్మిది పాటలు. చెమట కారుతున్నా ఒక్కసారి కూడా ఫ్యాన్ వెయ్యమనలేదు. రోకలి లేదు కాబట్టి అరచేత్తో మోకాలి మీద కొట్టుకుంటూ పాడింది.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను, జాగ్రత్తగా వినండి. సాఫ్ట్‌వేర్ తెరిచాను, వెంటనే రికార్డ్ నొక్కాను. ప్రాజెక్ట్‌ని ముందు సేవ్ చెయ్యలేదు. పేరు లేని ప్రాజెక్ట్‌లో రికార్డ్ చేస్తే ఆడియో ఎక్కడికి పోతుంది? సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకున్న ఏదో ఫోల్డర్‌లోకి పోతుంది. సాయంత్రం "పెద్దమ్మ" అని పేరు పెట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేశాను. సేవ్ అయింది అంది, నేనూ అయిందనుకున్నాను. కొన్నాళ్లకి ల్యాప్‌టాప్ మొరాయించింది. సర్వీసుకి ఇచ్చే ముందు ఆ "పెద్దమ్మ" ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని నిశ్చింతగా ఇచ్చేశాను. వాళ్లు డిస్క్ ఫార్మాట్ చేసి ఇచ్చారు. డేటా కావాలా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

పెన్‌డ్రైవ్‌లో ఫైల్ తెరిచాను. ట్రాకులన్నీ ఉన్నాయి. ఫేడర్లు నేను పెట్టిన చోటే ఉన్నాయి. కత్తిరించిన చోట్లు, ఫేడ్లు, అన్నీ ఉన్నాయి. గొంతు లేదు. ప్రతి ముక్క మీదా ఒకటే మాట, ఫైల్ దొరకలేదని. ఆ పెన్‌డ్రైవ్‌లో నేను దాచుకున్నది కొన్ని కేబీల ఫైల్. అప్పుడు చూడాల్సింది ఆ సైజు. యాభై నిమిషాల పాట కేబీల్లో పడుతుందా అని ఒక్కసారి అనుకుని ఉంటే సరిపోయేది.

ప్రాజెక్ట్ ఫైల్‌లో పాట ఉండదండీ. ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎంత గట్టిగా వినిపించాలి అనే చీటీ మాత్రమే ఉంటుంది. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా రాసుకోండి, ప్రాజెక్ట్ ఫైల్‌లో పాట ఉండదు.

ఆ పాటలన్నీ కలిపి మోనోలో నాలుగు వందల ఎంబీ కూడా ఉండవు. 700 ఎంబీ సీడీ ఒక్కదానిలో పట్టేవి. ఒక్క సీడీ.

మళ్లీ పాడిద్దామని అనుకుంటూనే ఉన్నాను. పనులు, సీజన్లు, పెళ్లి ఆర్డర్లు. మరుసటేడు సంక్రాంతికి వెళ్లేసరికి ఆమె మంచం మీద ఉంది, నన్ను గుర్తుపట్టలేదు. మాఘమాసంలో పోయింది.

మిగిలింది ఒకే ఒక్క ఎంపీ3. మా అన్నయ్యకి అప్పుడు మెయిల్‌లో పంపింది, 128 కేబీపీఎస్. అందులోనూ నేను చేసిన పని చూడండి, గొంతు పల్చగా ఉందని పెద్ద హాల్లో పాడినట్టు ప్రతిధ్వని కలిపే రివర్బ్ వేసి పంపాను. నలభయ్యో సెకను దగ్గర గాజులు గలగలమంటాయి, పాట ఆపి "అందుతోందా నాయనా?" అని అడుగుతుంది. మా చావడి గదిలో, నాకు రెండు మూరల దూరంలో కూర్చుని అడిగిన మాట అది. ఇప్పుడు ఏదో కల్యాణ మండపం అవతలి కొసనుంచి అడిగినట్టు వినిపిస్తుంది. ఆ రివర్బ్‌ని పూర్తిగా విడదీయడం నావల్ల కాలేదు. ఈమధ్య వచ్చిన కొత్త ప్లగిన్లతోనూ, అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములతోనూ, ప్రయత్నించాను. ప్రతిధ్వని తగ్గుతుంది, దాంతోపాటు గాజుల చప్పుడు కూడా చచ్చిపోతుంది. అందుకే ఎఫెక్టులు ట్రాక్ మీద వేసుకోండి గానీ, అసలు గొంతుని ఏదీ కలపకుండా విడిగా వేవ్ ఫైల్‌గా ఉంచుకోండి.

కాబట్టి ఈరోజు నుంచి ఇలా చెయ్యండి. సాఫ్ట్‌వేర్ తెరవగానే, మైకు తగిలించకముందే, సేవ్ యాజ్. ప్రతి పాటకీ విడిగా ఒక ఫోల్డర్. పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత పాట, తర్వాత పాడినవారు. అలా పెడితే వరుస దానంతట అదే కుదురుతుంది. ట్రాక్ పేరు రికార్డ్ నొక్కకముందే పెట్టండి, ఎందుకంటే చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ పేరే ఆడియో ఫైల్‌కి వస్తుంది. "ఆడియో 1" అని వందసార్లు కనిపిస్తే రేపు ఏది ఎవరి గొంతో మీకే తెలియదు.

రీపర్ వాడేవాళ్లకి సేవ్ యాజ్ బాక్సులోనే ఆడియో అంతా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యమనే టిక్కు ఉంటుంది. అదే పనికి ఏబుల్‌టన్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్. క్యూబేస్‌లో బ్యాకప్ ప్రాజెక్ట్. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎక్స్‌పోర్ట్ కింద జిప్డ్ లూప్ ప్యాకేజ్. లాజిక్‌లో సేవ్ చేసేటప్పుడు ఆడియోని కాపీ చెయ్యాలా అని అడుగుతుంది, చెయ్యమనండి.

పాట పూర్తయ్యాక ప్రతి ట్రాక్‌నీ సున్నా నుంచి చివరిదాకా వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. ప్లగిన్లని నమ్ముకోవద్దు. 2019లో మ్యాక్ కేటలినా వచ్చి 32 బిట్ ప్రోగ్రాములు ఆపేసినప్పుడు ఎంతమంది పాత సెషన్లు మూగబోయాయో ఈ లైన్లో ఉన్నవాళ్లకి తెలుసు. వేవ్ ఫైల్‌కి ఆ భయం లేదు. మూడు కాపీలు ఉంచండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి వేరే ఇంట్లో గానీ క్లౌడ్‌లో గానీ.

మీ ఇళ్లలో పాటలు తెలిసిన అమ్మమ్మలు ఉన్నవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి... చాలామందే ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే వెళ్లండి. మంచి మైకు కొన్నాక అనుకోవద్దు, ఫోన్‌లో అయినా సరే.

సమయం అయిందని చీటీ పంపారు. ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లంతా తెరిచి, చివరిసారి చేసిన ప్రాజెక్ట్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. ఆ పెన్‌డ్రైవ్ పక్కవాళ్ల మెషిన్‌లో పెట్టి తెరవండి. ముందు వరసలో అమ్మాయి, నీది ముందు చూద్దాం తల్లీ, ఇలా పట్రా.