చిప్పర్ కొనేముందు దాని నోరు చూడండి

[తెర మీద: పంగలు తిరిగిన కొమ్మ చిప్పర్ తొట్టి అంచుకు తగులుకుని ఆగిపోతుంది. ఇంజను మాత్రం మోగుతూనే ఉంటుంది.]

ఇది 6 అంగుళాల చిప్పర్, అంటే కొమ్మలను చిన్న ముక్కలుగా నరికే యంత్రం. ఈ కొమ్మ లావు 4 అంగుళాలు కూడా ఉండదు. అయినా లోపలికి పోవడం లేదు, చూశారా? ఇంజనుకు బలం చాలక కాదు. పంగ అడ్డం పడింది, అంతే. ఇక ఒకరు పని ఆపి, రంపం అందుకుని ఆ పంగను కోయాలి.

చిప్పర్ అనగానే అందరం అడిగేది ఒకటే: ఎన్ని అంగుళాలు, ఎన్ని హార్స్‌పవర్? ఆ అంగుళాలు చెప్పేది అది నమలగలిగే దుంగ లావు. చెట్ల పనిలో నున్నటి దుంగలు చిప్పర్ దాకా రావడమే తక్కువ, అవి కట్టెలకో కలపకో పోతాయి. మనం వేసేవన్నీ వంకర కొమ్మలు, ఆకుల గుబుర్లు. అందుకే నోరు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, లాగే రోలర్లు ఎంత గట్టిగా నొక్కి పట్టుకుంటాయి అన్నవి ముందు చూడండి.

[తెర మీద: మూత తీసిన డిస్క్, పక్కనే డ్రమ్. రెండు యంత్రాలూ ఆపి ఉన్నాయి, తాళంచెవులు తీసేసి ఉన్నాయి.]

లోపల నరికే పద్ధతులు ముఖ్యంగా రెండు. డిస్క్ చిప్పర్‌లో బరువైన ఉక్కు చక్రం ముఖం మీద బ్లేడ్లు బిగించి ఉంటాయి. ముక్కలు దాదాపు ఒకే సైజులో వస్తాయి. చక్రానికి ఉన్న రెక్కలే గాలి కొట్టి వాటిని గొట్టంలోంచి విసిరేస్తాయి. అయితే చక్రం మధ్యలో ఇరుసు ఉంటుంది కాబట్టి కొమ్మను ఒక పక్క నుంచే పంపాలి. నోరు పెద్దది కావాలంటే చక్రమూ పెద్దది కావాలి, బండి బరువూ పెరుగుతుంది.

డ్రమ్ చిప్పర్‌లో అయితే బ్లేడ్లు తిరిగే పీపా చుట్టూ బిగించి ఉంటాయి, నోరు దాదాపు ఆ డ్రమ్ వెడల్పంతా తెరవొచ్చు. గుబురు కొమ్మలను చక్కగా తీసుకుంటుంది. ముక్కలు మాత్రం చిన్నా పెద్దా కలిసి వస్తాయి, మధ్యమధ్య పీచు కూడా. రోజంతా గుబుర్లు మోసే జట్టుకైతే నేను డ్రమ్మే చెబుతాను. ముక్కలను అమ్ముకునేవాళ్లు, ఇరుకు దారుల్లో చిన్న బండి లాక్కెళ్లేవాళ్లు డిస్క్ చూడండి.

ఇంకొకటి తప్పకుండా అడగండి. ఇంజను వేగం పడిపోగానే రోలర్లు వాటంతట అవే ఆగి, ఇంజను పుంజుకున్నాక మళ్లీ లాగే ఏర్పాటు ఉందా? అది ఉంటే చిన్న ఇంజను కూడా పెద్ద పని చేస్తుంది.

[తెర మీద: అరచేతిలో రెండు రకాల ముక్కలు. ఒకటి అంచులు తెగినట్టు, ఒకటి నార చీల్చినట్టు.]

ఎడమ వైపువి పదునైన బ్లేడ్ నరికినవి. కుడి వైపువి మొద్దుబారిన బ్లేడ్ చీల్చినవి. కొమ్మ వణుకుతోందన్నా, పొట్టు ఎక్కువ వస్తోందన్నా, డీజిల్ ఎక్కువ తాగుతోందన్నా ముందు ఇంజనును అనుమానించకండి, బ్లేడ్ చూడండి. ఒక్కదానికే సాన పట్టిస్తే బరువు తేడా వచ్చి చక్రం అదురుతుంది. ఎదురెదురు బ్లేడ్లు కలిపి పట్టించాలి. నేల మీద ఊడ్చిన చెత్తను చిప్పర్‌లో వేయడమంత ఖరీదైన బద్ధకం లేదు, అందులో ఉండే ఒక్క రాయి చాలు బ్లేడ్ అంచు పోవడానికి.

[తెర మీద: పనివాడు పక్కగా నిలబడి, కొమ్మ మొదలు ముందు పెట్టి, అది రోలర్లకు అందగానే వదిలి పక్కకు తప్పుకుంటాడు.]

ఇది జాగ్రత్తగా చూడండి. నిమిషానికి 30 మీటర్లు లాగే చిప్పర్ సెకనుకు అర మీటరు లాగుతున్నట్టు. కొమ్మకు చిక్కుకున్న చెయ్యి భుజం దాకా పోవడానికి సెకనున్నర చాలు. కేకేసేలోపే అయిపోతుంది. అందుకే తొట్టికి ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. ఆపే కడ్డీ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి దాని మీద పడాలి. పొట్టి ముక్కలను చేత్తోనో కాలితోనో తొయ్యకూడదు, పొడుగాటి కొమ్మతో తొయ్యండి, లేదా నేరుగా ట్రక్కులో పడేయండి. మణికట్టు దగ్గర వెడల్పుగా తెరుచుకునే చేతి తొడుగులు కొమ్మకు తగులుకుంటాయి, వద్దు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది తాడు. చెట్టు మీద ఒకరు తాడుతో ఉండగా దాని కొస కొమ్మల్లో కలిసి చిప్పర్‌లోకి పోతే, పై మనిషిని కిందికి లాగేస్తుంది. కొమ్మ ఎత్తే ముందు తాడు ఎక్కడుందో చూడండి, ప్రతిసారీ.

ఇంజను ఆపినా లోపలి చక్రం వెంటనే ఆగదు, బరువు వల్ల నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగిందని చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే మూత తీయాలి.

[తెర మీద: డెమోకి తెచ్చిన వంకర లేని దుంగల వరుస.]

అమ్మేవాళ్లు డెమో ఇస్తామంటారు. వాళ్లు పెట్టేది ఇవే, ఏ చిప్పరైనా వీటిని గుటుక్కున మింగుతుంది. మీ పనిలో పడిన పంగల కొమ్మలు ఒక బండెడు మీరే పట్టుకెళ్లండి. ఎన్నిసార్లు రంపం తీయాల్సి వచ్చిందో లెక్కపెట్టి, ఆ తర్వాత ధర మాట్లాడండి.