3000 క్రాసుల్లో ఏ 150 వెయ్యాలి? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారమండి. డీఎన్ఏ డేటా చూసి ఏ హైబ్రిడ్ బాగా పండుతుందో ముందే చెప్పొచ్చా, ఎంతవరకు నమ్మొచ్చు, ఈ రోజు ఇదే టాపిక్. మొక్కల బ్రీడింగ్ నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం, చెప్పండి.

కాలర్ 1: నమస్తే మేడమ్, నేను మొక్కజొన్న బ్రీడింగ్ లో పని చేస్తానండి. మా దగ్గర తల్లిగా వాడే 60 ఆడ లైన్లు, తండ్రిగా వాడే 50 మగ లైన్లు ఉన్నాయి, ప్రతి ఆడ లైనునీ ప్రతి మగ లైనుతో సంకరం చేస్తే 3000 క్రాసులవుతాయి, పొలంలో చూస్తే 150కి మించి వెయ్యలేం. మా సీనియర్ ఏమంటారంటే పేరున్న 10 ఆడ, 15 మగ లైన్లు పట్టుకుని వాటి మధ్య అన్ని క్రాసులూ చేసెయ్, డేటా నీట్ గా వస్తుంది అంటారు. నాకేమో మనసొప్పట్లేదు మేడమ్.

నిపుణురాలు: ఒప్పకపోవడమే మంచిదండి. లెక్క వేసి చూడండి, 10 ఇంటు 15 వేస్తే మీ 150 అక్కడే అయిపోయాయి, మిగతా 50 ఆడ లైన్లు 35 మగ లైన్ల గురించి పొలం నుంచి ఒక్క ముక్క సమాచారం రాదు. అంటే 1750 క్రాసుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మోడల్ కి, అంటే అంచనా కట్టే లెక్కకి, కొత్తే, ఇంకో 1100లో ఒకళ్లు కొత్త. అంచనా బాగా తప్పేది ఇద్దరూ కొత్తవాళ్లైన చోటే, ఒకళ్లు తెలిస్తే కాస్త నయం, ఇద్దరూ ఏదో ఒక క్రాసులో పొలం చూసుంటే అన్నిటికంటే నమ్మకం. అందుకని అదే 150ని పరిచెయ్యండి, ప్రతి మగ లైనుకి 3 క్రాసులు, ప్రతి ఆడ లైనుకి 2 లేదా 3. అప్పుడు మిగిలిన 2850 క్రాసుల్లో తెలియని లైను అంటూ ఒక్కటీ ఉండదు.

కాలర్ 1: ఒక్కో లైనుకి మూడే అంటే చాలా తక్కువ కదా మేడమ్?

నిపుణురాలు: విడిగా చూస్తే తక్కువేనండి, కానీ లైన్లు ఒకదానికొకటి చుట్టాలు కదా, ఒక లైనులో ఉన్న డీఎన్ఏ ముక్కే ఇంకో పది లైన్లలో కూడా ఉంటుంది, మార్కర్లు, అంటే డీఎన్ఏలో తేడా గుర్తుపట్టే చోట్లు, ఆ చుట్టరికాన్ని పట్టుకుని అందరి డేటానీ అందరికీ వాడతాయి, ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. మొక్కజొన్నలో రెక్స్ బెర్నార్డో 1994లోనే పేరెంట్ల మార్కర్ డేటా వాడి, పొలంలో వెయ్యని క్రాసుల దిగుబడిని అంచనా కట్టి చూపించారు. వరిలో 2014లో వచ్చిన ఒక పేపర్లో 210 లైన్ల మధ్య 278 క్రాసుల డేటాతో మొత్తం 21,945 క్రాసులకీ అంచనా వేశారు. ఇంకో మాట, 3000 హైబ్రిడ్లకీ డీఎన్ఏ టెస్ట్ చేయించనక్కర్లేదు, చాలామంది ఇక్కడ అనవసరంగా భయపడతారు. మీవి ఇన్‌బ్రెడ్ లైన్లు, అంటే తరతరాలు తమలో తామే కలిపి స్థిరపరిచినవి, తల్లిలో ఒక జన్యువు రూపం తండ్రిలో ఇంకో రూపం ఉంటే హైబ్రిడ్ లో రెండూ ఒక్కొక్కటి ఉంటాయి, కాబట్టి 110 శాంపిళ్లు చేయిస్తే చాలు, మిగతాది కంప్యూటర్ లో కట్టుకోవచ్చు. మిగిలిన డబ్బు ఇంకో లొకేషన్ లో ట్రయల్ కి పెట్టండి, మీకు నిజంగా పనికొచ్చేది అది.

యాంకర్: నెక్స్ట్ కాల్, చెప్పండి.

కాలర్ 2: మేడమ్ నేను రైతునండి. ఇంత టెస్టింగ్ ఉన్నప్పుడు విత్తనం డీఎన్ఏ చూసి నా పొలంలో ఎన్ని క్వింటాళ్లు వస్తుందో చెప్పేయొచ్చు కదా?

నిపుణురాలు: చెప్పలేమండి, ఎవరైనా అలా చెప్తే నమ్మకండి. ఈ అంచనా బ్రీడర్ కి వేల క్రాసుల్లో దేన్ని పొలానికి తేవాలో చెప్తుంది అంతే, మీ నేల, మీ నీళ్లు, ఆ ఏడు వాన దానికి తెలీదు. మీ నేలలాంటి నేలలో, రెండు మూడు సీజన్లు ట్రయల్ వేసిన రిజల్ట్ ఉందా అని అడగండి. అలాగే హైబ్రిడ్ గింజ దాచుకుని మళ్లీ వేస్తే మాత్రం తర్వాతి తరంలో ఆ హైబ్రిడ్ బలం సుమారు సగం పోతుంది, మొక్కలు కూడా ఒకలా రావు.

యాంకర్: ఇంకో కాల్ ఉంది.

కాలర్ 3: నమస్తే మేడమ్, పీహెచ్డీ స్టూడెంట్ ని. నా డేటాలో క్రాస్ వాలిడేషన్ చేస్తే, అంటే కొన్ని క్రాసులు దాచి మిగతావాటితో వాటిని అంచనా కడితే, అంచనాకీ నిజానికీ పొంతన చెప్పే కోరిలేషన్ 0.8 వచ్చింది, అందరం సంతోషపడ్డాం, తర్వాత సీజన్ కొత్త లైన్లతో చేసిన క్రాసుల్లో 0.3 కూడా రాలేదు. మోడల్ లో డామినెన్స్, అంటే ఒక జన్యువు రూపం ఇంకో రూపాన్ని కప్పేసే ప్రభావం, పెట్టలేదు కాబట్టా? డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతికి వెళ్లమంటున్నారు.

నిపుణురాలు: మోడల్ జోలికి తర్వాత వెళ్దాం, ముందు చెప్పమ్మా, వాలిడేషన్ కి క్రాసుల్ని ఎలా విడగొట్టావు?

కాలర్ 3: రాండమ్ గా మేడమ్, ఐదు భాగాలు.

నిపుణురాలు: అదేనమ్మా కారణం. రాండమ్ గా విడగొడితే ట్రైనింగ్ లో ఉన్న తల్లే టెస్ట్ లోనూ ఉంటుంది, ఇద్దరు అన్నదమ్ముల్ని చూసినవాళ్లు మూడోవాణ్ణి ఇట్టే గుర్తుపడతారు, పరాయి ఊరివాణ్ణి గుర్తుపట్టమంటే ఎలా? పైగా అంతా ఒకే సీజన్ డేటా, ఆ ఏడు వాతావరణం కూడా కలిసొచ్చేసింది. మళ్లీ చెయ్యి, ఈసారి ఒక లైను తాలూకు క్రాసులన్నీ ఒకేసారి పక్కన పెట్టు, ఆ తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ కొత్తవైనవి వేరుగా, ఆ తర్వాత ఒక సీజన్ మొత్తం తీసేసి. ఆ మూడు నంబర్లూ థీసిస్ లో రాయి, 0.8 ఒక్కటే రాస్తే నీ తర్వాత దాన్ని నమ్మి ట్రయల్ వేసేవాళ్లు నష్టపోతారు, ఇది నేను గట్టిగానే చెప్తాను. డామినెన్స్ సంగతికొస్తే, నీవి రెండు వేర్వేరు హెటెరోటిక్ గ్రూపులా, అంటే ఒకదానితో ఒకటి కలిపితే బలమైన హైబ్రిడ్లు ఇచ్చే గుంపులా?

కాలర్ 3: అవును మేడమ్.

నిపుణురాలు: ఐతే మామూలుగా హైబ్రిడ్ల మధ్య తేడాలో ఎక్కువ భాగం జీసీఏనే, అంటే లైను ఎవరితో కలిసినా సగటున ఎంత ఇస్తుందో అది. ముందు దాంతో మొదలుపెట్టు, ఎస్సీఏ, అంటే ఆ ప్రత్యేకమైన జోడీ వల్ల వచ్చే తేడా, కలిపి చూడు, కొత్త లైన్ల మీద అంచనా మెరుగైతేనే ఉంచు. డీప్ లెర్నింగ్ కి నీ దగ్గరున్న క్రాసులు సరిపోవు.

కాలర్ 3: మరి వచ్చే సీజన్ ప్లాట్లలో ఏం వెయ్యాలి మేడమ్, అంచనాలో పైనున్నవేనా?

నిపుణురాలు: ఎక్కువ ప్లాట్లు వాటికే ఇవ్వు, కానీ కొత్త లైన్లు ప్రతిదీ కనీసం ఒకట్రెండు క్రాసుల్లో ఉండాలి, లేకపోతే ఆ పై ఏడు మళ్లీ ఇదే ఇబ్బంది. పోయినేడు వేసిన హైబ్రిడ్లు కొన్ని, చెక్ లు, అంటే పోల్చి చూడటానికి వేసే తెలిసిన రకాలు, అవే ఉంచు, రెండు సీజన్ల డేటా కలపాలంటే అవే ఆధారం. అంచనాలో అడుగున ఉన్నవి కూడా ఓ నాలుగు వెయ్యి, అవి నిజంగానే అడుగున ఉన్నాయో లేదో కూడా తెలియాలి కదా.